మృగరాజుకు నిద్రాభంగం

మా కలిగిరి చుట్టుపక్కల అడవి జంతువులను చూడటానికి టిక్కెట్టు కొననక్కర లేదు. చీకటి పడ్డాక చేలగట్ల వెంట నడిస్తే అడవిపందులు ఎదురవుతాయి. తెల్లవారుజామున నెమళ్లు కేకలు వేస్తాయి. ఇక కోతుల సంగతి చెప్పనే అక్కరలేదు. వాటిని మనం వెదకబోవలసిన పని లేదు. అవే మనలను వెదుక్కుంటూ వంటింటి దాకా వస్తాయి.

నెల్లూరు జిల్లా అనగానే వరిమళ్లూ, పెన్న కాలువలూ తలచుకొనే వారికి మా పడమటి మెట్ట సంగతి అంతగా తెలియదు. కావలి నుంచి ఉదయగిరి పోయే రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. వానను నమ్ముకున్న చేలు, పొగాకు తోటలు, పొగాకు వేలం కేంద్రం, ఇంకా పడమటికి పోతే కొండలు. పంట చేతికి వచ్చే రోజులలో ఇక్కడి రైతు మంచె మీద పడుకుంటాడు గాని నిద్రపోడు. నిద్రపోయినవాడి పంట తెల్లవారేసరికి పందుల పాలవుతుంది.

అలాంటి ఊరి మనుషులు జంతువులను చూడటానికి డబ్బు పెట్టుకొని, రైలెక్కి తిరుపతి దాకా పోవడం ఏమిటని పాఠకులు అడగవచ్చును. మా చేలలోకి సింహం రాదు గదా! అదీ కారణం.

ఆ మాటకు వస్తే తిరుపతి అడవులలో కూడా సింహం పుట్టలేదు. మన దేశంలో సింహం స్వేచ్ఛగా తిరిగే చోటు ఈనాడు గుజరాతులోని గిర్ అడవీ, దాని చుట్టుపట్ల ప్రాంతమూ మాత్రమే. 2025లో అక్కడ లెక్క వేస్తే 891 సింహాలు తేలాయి. మిగతా దేశమంతా సింహాన్ని చూడాలంటే జంతు ప్రదర్శనశాలకు పోవలసిందే. కటకటాల వెనుక చూడటం కన్న, సింహాన్ని బయట వదిలి, మనలను బండిలో పెట్టి తిప్పితే బాగుంటుందని ఎవరికో తోచింది. దానికే సఫారీ అని పేరు.

ఈ మాట మనకు అంత కొత్తదేమీ కాదు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం. అది అరబ్బీ నుంచి అక్కడికి పోయింది. అదే అరబ్బీ మాట ఇటు హిందూస్థానీలోకి వచ్చి ‘సఫర్’ అయింది. తెల్లదొరలు తుపాకులు పట్టుకొని ఆఫ్రికాలో వేటకు బయలుదేరిన కాలంలో సఫారీ అంటే వేటయాత్ర అనే అర్థం స్థిరపడింది. తరువాత తుపాకి పోయి కెమెరా వచ్చింది. 1966లో ఇంగ్లండులోని లాంగ్‌లీట్ అనే జమీందారీ ఎస్టేటులో సింహాలను వదిలి, జనం తమ కార్లలో అద్దాలు ఎత్తుకొని వాటి మధ్య పోయే ఏర్పాటు చేశారు. హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 1974లో సింహాల సఫారీ మొదలయింది. 1998లో అమెరికాలోని ఫ్లోరిడాలో డిస్నీ కంపెనీ వారు ఏకంగా ఒక ఆఫ్రికా మైదానాన్నే తయారు చేశారు. అక్కడి బూరుగమానుల వంటి లావుపాటి చెట్లు కొన్ని మనుషులు కట్టినవి. రోడ్డు మీది గుంతలు కూడా కావాలని చేసినవే! మా మెట్ట రోడ్ల సంగతి తెలిస్తే ఆ కంపెనీవారు అంత శ్రమపడేవారు కారేమో. అమెరికాలో ఉన్న మన పిల్లలు తల్లిదండ్రులు వచ్చినప్పుడు అక్కడికి తీసుకుపోతూ ఉంటారు.

మనకు దగ్గరలో ఉన్నది తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాల. శేషాచలం కొండల పాదాన, 1987 సెప్టెంబరు 29న ఏర్పడింది. విస్తీర్ణం 5,532 ఎకరాలు. మన పురాణాలలో కనిపించే జంతువులన్నీ ఒకచోట ఉండాలనే ఆలోచన మీద దీన్ని తీర్చారు. దేవుడి దర్శనానికి వచ్చినవారు దేవతల వాహనాలను కూడా చూసి పోవచ్చునన్న మాట.

మేము ముగ్గురం బయలుదేరాము. నేనూ, కొత్త కెమెరా కొనుక్కున్న మా మేనల్లుడూ, మా పెదనాయనా. పెదనాయనకు ఎనభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. జీవితంలో సగం రాత్రులు మంచె మీద గడిపిన మనిషి. కావలిలో రైలెక్కితే నెల్లూరు, గూడూరు, కాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతి. దర్శనం చేసుకొని, మరునాడు పొద్దున్నే జంతువుల దగ్గరకు చేరాము.

సఫారీ బస్సు కిటికీలకు ఇనుప వల బిగించి ఉంది. రెండు గేట్లు వరుసగా ఉంటాయి. మొదటి గేటులోనుంచి బస్సు లోపలికి పోయాక దాన్ని మూసి, అప్పుడు గాని రెండవ గేటు తెరవరు. రెండూ ఒక్కసారి తెరిచి ఉండటమన్నది జరగదు. రెండు గేట్ల నడుమ నిలిచిన ఆ అర నిమిషంలో బస్సంతా నిశ్శబ్దమయింది. “పంజరంలో పడింది మనమేరా అబ్బయ్యా,” అన్నాడు పెదనాయన.

లోపల పొదలు, ఎండిన గడ్డి, చెట్లు, అక్కడక్కడ బండరాళ్లు. సింహం మాత్రం లేదు. బస్సు మెల్లగా పోతూ ఉంది. అందరూ కిటికీలకు ముఖాలు ఆనించారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. మా మేనల్లుడు కెమెరా కంటికి పెట్టుకొని తీయడమే లేదు.

“అదిగో, ఆ చెట్టు కింద,” అన్నాడు పెదనాయన.

ఎవరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు. అక్కడ ఉన్నది గడ్డీ, దాని పక్కన గడ్డి రంగులోనే ఒక మట్టిదిబ్బ.

“దిబ్బ కాదు. చెవి ఆడించింది చూడు.”

అప్పుడు చూశాను. ఆ దిబ్బకు చెవి ఉంది! చెవి కనబడ్డాక జూలు కనబడింది. జూలు కనబడ్డాక సింహమంతా కనబడింది. ఇంతసేపూ ఎందుకు కనబడలేదా అని ఆశ్చర్యం కలిగింది.

పెదనాయన విద్య చాలా సులువు. జంతువును వెదకకూడదట. అన్నీ కదలకుండా ఉన్న చోట కదిలేది ఏమిటో చూడాలట. గాలికి ఆకులన్నీ ఒక పక్కకు ఊగుతూ ఉంటే, ఊగని చోటు ఏదో చూడాలట. ఎండ ఎక్కిన వేళ నీడను చూడాలట. చెట్లన్నీ నిలువుగా ఉంటే, నడుమ అడ్డంగా కనిపించే గీత జంతువు వీపు కావచ్చునట. “పందిని వెన్నెల్లో పట్టుకొనే వాడికి పగటిపూట సింహం ఒక లెక్కా!” అన్నాడు. అదంతా కెమెరాలోనుంచి చూస్తే దొరకదు. కెమెరా కన్ను చిన్నది. ఒక్క చోటునే చూపిస్తుంది. ముందు రెండు కళ్లతో వెదికి, దొరికాక కెమెరా ఎత్తడమే పద్ధతి. మా మేనల్లుడికి ఆ క్షణం నుంచీ తాతే గురువు.

బస్సు ఆగింది. సింహం లేవలేదు. చెవి కూడా మళ్లీ ఆడించలేదు.

ఇక మొదలయింది గోల. “హారన్ కొట్టు డ్రైవరన్నా!” అన్నారు వెనుకనుంచి ఎవరో. ఇంకొకాయన బస్సు రేకు మీద చేత్తో బాదాడు. “ఇంత దూరం వచ్చింది పడుకున్న దాన్ని చూడటానికా? లేపవయ్యా, ఒక్క ఫోటో!” అన్నారు. ఒక చిన్నపిల్ల ‘గర్ర్’మని గర్జించింది. ఆ గర్జన బాగానే ఉంది గాని సింహానికి నచ్చినట్టు లేదు.

డ్రైవరు హారన్ కొట్టలేదు. “లేపకూడదండీ. చట్టం ఒప్పుకోదు,” అన్నాడు. నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణలో, ప్రదర్శనశాలలోని జంతువులను ఏడిపించడం, శబ్దాలతో చికాకు పెట్టడం నేరమని చేర్చారు.

చట్టం మాటకు గోల సగం తగ్గింది. తక్కిన సగం మా పెదనాయన మాటకు తగ్గింది. ఆయన ఎవరినీ కోప్పడలేదు. “నేను పడుచుగా ఉన్నప్పుడు నెల్లూరికి సర్కసొచ్చింది,” అంటూ అందుకున్నాడు. “సింహాన్ని స్టూలు మీద కూర్చోబెట్టినారు. దానికి నిద్రొస్తా వుండాది. కళ్లు మూతలు పడతా వుండాయి. కొరడా ఛెళ్లుమనిపిస్తే లేస్తది, మళ్లా కన్ను మూస్తది, మళ్లా ఛెళ్లు. కడాకు మండే చక్రంలో దూకించినారు. జనమంతా చప్పట్లు. నేనూ కొట్టినా. ఇంటికొచ్చినాక ఆ కళ్లే గుర్తొచ్చినాయి. దీన్నన్నా పడుకోనీండి నాయనా.”

బస్సులో ఎవరూ మాట్లాడలేదు. రేకు మీద బాదిన ఆయన చేయి ఒళ్లో పెట్టుకున్నాడు.

పెదనాయనకు తెలియదు గాని, ఆయన చెప్పిన సర్కసుకూ ఈ తిరుపతికీ సంబంధం ఉన్నది. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహం, ఈ ఐదింటిని ఆటలు ఆడించడం నిషేధించింది. సర్కసువారు కోర్టుకు వెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు నిషేధమే న్యాయమన్నది. మరి సర్కసులలో ఉన్న సింహాలు, పులులు ఏమి కావాలి? బోనులో పుట్టి పెరిగినవాటికి అడవిలో వేటాడటం రాదు. వాటికి చివరిదాకా తిండీ, వైద్యమూ, నీడా ఇవ్వడానికి దేశంలో కొన్నిచోట్ల రక్షణ కేంద్రాలు పెట్టారు. విశాఖపట్నంలో ఒకటి, తిరుపతిలో ఒకటి. సఫారీ వేరు, ఆ కేంద్రం వేరు. కాని రెండూ ఈ కొండ నీడలోవే.

ఆ సర్కసు సింహాలలో చాలావాటిది ఆఫ్రికా రక్తమూ, గిర్ రక్తమూ కలిసిన సంకరజాతి. ఆ కలగాపులగం ఇంకా పెరిగితే అసలైన గిర్ జాతికి ముప్పు గనుక, వాటికి పిల్లలు పుట్టకుండా చేశారు. అంటే ఆ వంశం అక్కడితో సరి. దశాబ్దాల తరబడి ఊరూరా తిరిగి, మండే చక్రాలలో దూకి, మన చప్పట్లు విన్న జాతి అది. చివరి రోజులలో వాటికి మనుషులు ఇవ్వగలిగింది ఒక్కటే: ఎవరూ లేపని నిద్ర.

నిద్ర సింహానికి సోమరితనం కాదు. అడవిలో ఉన్న సింహం కూడా రోజులో 16 నుంచి 20 గంటలు పడుకొనే గడుపుతుంది. మాంసాహారి గనుక ఒక్కసారి కడుపునిండా తిని, మళ్లీ వేట దాకా బలాన్ని దాచుకుంటుంది. కాబట్టి నిద్రపోతున్న సింహాన్ని చూసినవాడు మోసపోయినట్టు కాదు. ఉన్న సింహాన్ని ఉన్నట్టే చూశాడన్న మాట. జూలు విదిలించి గర్జించే సింహం సినిమా మొదట్లో వచ్చే సింహం.

మా మేనల్లుడు అప్పుడు కెమెరా ఎత్తాడు. వలను దాదాపు తాకేటట్టు కెమెరాను దగ్గరగా పెట్టాడు. అలా పెడితే వల తీగలు బొమ్మలో పడకుండా కరిగిపోతాయి. ఫ్లాషు ఆర్పేశాడు, అది జంతువు కళ్లకు బాధ, పైగా వల మీద పడి బొమ్మను చెడగొడుతుంది. బస్సు ఇంజను అదురుకు చేయి కదలకుండా మోచేయి కిటికీ చట్రానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒకటే ఒకటి తీశాడు. నీడలో, ముందు కాళ్ల మీద గడ్డం ఆనించి పడుకున్న సింహం. ఒక చెవి మాత్రం మావైపు తిరిగి ఉంది.

ఫోటో పిచ్చి ఎంత దూరం పోతుందో చెప్పడం నాకు ఇష్టం లేదు గాని చెప్పక తప్పదు. 2024 ఫిబ్రవరిలో ఇదే ప్రదర్శనశాలలో ఒక సందర్శకుడు సింహం ఉన్న ఆవరణలోకి దిగి, దాని దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫోటో కోసం దిగాడని అప్పుడు వార్తలు వచ్చాయి. అతని మనసులో ఏమున్నదో అతనితోనే పోయింది. కంచె కట్టింది మన కోసమే కాదు, సింహం కోసం కూడా. సింహం దాటకుండా, మనం దాటకుండా ఉంటేనే రెండు ప్రాణాలూ క్షేమం.

ఇప్పుడా బొమ్మ పెద్దదిగా వేయించి, పెదనాయన ఇంటి వసారాలో తగిలించాము. చూసిన ప్రతివాడూ, “ఏంది పెద్దాయనా, పడుకున్న దాన్ని తీసినారే?” అంటాడు. “రాత్రంతా కాపలా కాసి అలిసిపోయుండాది,” అని జవాబు చెబుతాడు ఆయన.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు. ప్రదర్శనశాల సెలవుదినం ఏదో ముందే కనుక్కొని బయలుదేరండి. ఎండ ముదరకముందే వెళ్లండి. సింహం నీడకు చేరకముందే నడుస్తూ కనిపించే భాగ్యం కలగవచ్చును. ఇంటిలో మంచె కాసిన పెద్దవారు ఎవరైనా ఉంటే తప్పకుండా వెంట తీసుకుపోండి. కిటికీ పక్కసీటు వారికే ఇవ్వండి. సింహం నిద్రపోతూ ఉంటే, దాని చెవి ఆడేదాకా ఓపికగా చూడండి. లేపమని మాత్రం డ్రైవరును అడగకండి.