చెయ్యి పెట్టని నాన్న

ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం గుడి నుంచి కిందికి దిగే దారిలో ఓ ఫ్లాటు. హాల్లో సోఫాలన్నీ గోడవారకి చేరాయి. మధ్యలో 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బల్ల. దానిమీద ప్లాస్టిక్ ముక్కలతో కట్టిన బొమ్మలు, వాటి మధ్య చక్రాల మీద తిరిగే రోబో. ఏడో తరగతి అబ్బాయీ, వాడి స్నేహితులూ ఆదివారం వచ్చిందంటే ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఫస్ట్ లెగో లీగ్ పోటీకి తయారవుతున్నారు మరి!

నాన్న ఒకప్పుడు ఎడిటింగ్ అసిస్టెంటు. రీళ్ల డబ్బాలు మోసిన చేతులాయనవి.

''ఆట ఎంతసేపురా?''

''రెండున్నర నిమిషాలు నాన్నా.''

''అంటే 225 అడుగులు!''

పిల్లలు తెల్లమొహాలేశారు. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుందని వాళ్లకేం తెలుసు?

ఆ రెండున్నర నిమిషాల్లో రోబో తనంతట తానే బల్లంతా తిరిగి పనులు చేయాలి. రిమోటు ఉండదు. పిల్లలు ముందే రాసిపెట్టిన ప్రోగ్రామే దిక్కు. ఒక్కో పనికీ కొన్ని మార్కులు. 2024-25లో పనులన్నీ సముద్రం చుట్టూ, 2025-26లో పురావస్తు తవ్వకాల చుట్టూ అల్లారు.

అసలు కిటుకు టోకెన్లలో ఉంది. ఆట మొదట్లో జట్టుకి 6 టోకెన్లు. బల్ల మూలనున్న తమ స్థావరంలో రోబోని ఎంతసేపైనా సర్దుకోవచ్చు. బయట ఉండగా చెయ్యేస్తే మాత్రం ఒక టోకెన్ పోతుంది. చివర్లో 6 మిగిలినా, 5 మిగిలినా 50 మార్కులే. అంటే తొలి తప్పుకి మాఫీ! 4 మిగిలితే 35, ఆపైన 25, 15, 10... ఏమీ మిగలకపోతే సున్నా.

ఆ రూలే నాన్నని ఇబ్బంది పెట్టింది. రోబో కాస్త పక్కకి ఒరిగితే చాలు, ఆయన చెయ్యి ముందుకెళ్లిపోయేది. ''నాన్నా, చెయ్యి!'' అని నలుగురూ ఒక్కసారే అరిచేవారు. రోబోని కట్టడం, ప్రోగ్రామ్ రాయడం, ఆడించడం అన్నీ పిల్లల పనే. పెద్దవాళ్లు దారి చూపించొచ్చు గానీ వాళ్ల పని చేసిపెట్టకూడదు. పాపం, ఎన్నో సీన్లు అతికించిన మనిషి! చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం కొత్తగా నేర్చుకున్నాడు.

ఒక రూలు మాత్రం ఆయనకి తెగ నచ్చింది. సాధారణంగా మూడు రౌండ్లుంటాయి. వాటిలో ఎక్కువ స్కోరే లెక్క. ''ఓకే టేకు ఒక్కటి చాలన్నమాట! మా రోజుల్లో టేకు పోతే ఫిల్మూ పోయేది'' అని మురిసిపోయాడు. పైగా బల్లమీది స్కోరు మొత్తం ఫలితంలో పావు వంతే. పరిశోధన ప్రాజెక్టు, రోబో తయారీ, జట్టుగా మెలిగిన తీరు... వీటికి తలా పావు. బల్లమీద గెలిచి తమలో తాము కొట్టుకుంటే లాభం లేదు.

మొన్నటి ఆదివారం ప్రాక్టీసులో అప్పటికే ఒక టోకెన్ పోయింది. ఇంకో నిమిషం ఉందనగా రోబో ఓ బొమ్మకి తగిలి ఇరుక్కుంది. నాన్న చేతులు వెనకే ఉన్నాయి. కొడుకు చటుక్కున రోబోని ఎత్తి స్థావరంలోకి తెచ్చాడు.

''టోకెన్ పోయిందిరా!''

''పోతే 15 పోతాయి నాన్నా. మిగతా పనులు చేస్తే అంతకంటే ఎక్కువే వస్తాయి.''

నాన్న నోట మాట లేదు. చెయ్యి పెట్టకూడదన్న సంగతి ఆయనకి తెలుసు. ఎప్పుడు పెట్టాలో వాడికి తెలిసింది. ఆ లెక్క వాడికెవరూ చెప్పలేదు.

''ఈసారి టైము నువ్వు చూడు నాన్నా'' అన్నాడు వాడు, రోబోని మళ్లీ నిలబెడుతూ.

ఆయన గోడవార సోఫాలో కూర్చుని వాచీ చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా 225 అడుగుల దగ్గర ''కట్'' చెప్పాడు.