‘మీట్ లేదు’ అంటే నమ్మేశా!

వియత్నాం వెళ్లే శాకాహారులూ, ఇది మీ కోసమే. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు.

హనోయ్‌లో మా మొదటి రాత్రి. పక్కన అమ్మ. తనకి ఇదే తొలి విదేశీ ప్రయాణం. పుట్టాక గుడ్డు కూడా ముట్టని మనిషి. ఓల్డ్ క్వార్టర్‌లో తిరిగి తిరిగి, బయట ‘వెజిటేరియన్’ అని రాసున్న రెస్టారెంట్ కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. నూడుల్స్ సూప్, టమాటాలో వేసిన టోఫు చెప్పాను. ‘నో మీట్?’ అని రెండుసార్లు అడిగా. సర్వర్ నవ్వుతూ ‘నో మీట్’ అన్నాడు.

పొగలు కక్కుతూ సూప్ వచ్చింది. అమ్మ రెండు చెంచాలు తాగి ఆగిపోయింది.

‘‘నీచు వాసన వస్తోందిరా.’’

‘‘అదేం లేదమ్మా, వాళ్ల మసాలా అంతే, తిను’’ అన్నా. ఇంకో చెంచా తాగింది. నాకే అనుమానమొచ్చి ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ తీశా. జవాబు చూసి గుండె జారింది. సూప్ ఎముకలు ఉడికించిన నీళ్లతోనే చేశారట, మా కోసం ముక్కలు మాత్రం వేయలేదట. టోఫులో చేపల సాస్! అతను అబద్ధం చెప్పలేదు. మీట్ అంటే అతనికి ముక్క, అంతే.

లక్షా ఎనభై వేల డాంగ్‌ల బిల్లు, అంటే దాదాపు ఆరొందల రూపాయలు. అది పోతే పోయింది. అమ్మ ఒక్క మాట అనలేదు. రూమ్‌కొచ్చి నోరు కడుక్కుని, రెండు జంతికలు తిని పడుకుంది. తను అనుమానపడినా ‘తిను’ అన్నది నేనే కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయికి సంగతి చెబితే, కాగితం మీద రెండు మాటలు రాసిచ్చింది: ‘ఆన్ చాయ్’. టీ కాదండోయ్! ఆన్ అంటే తినడం, చాయ్ అంటే శాకాహారం. అక్కడ చాలామంది బౌద్ధులు చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో అలాగే తింటారు. బోర్డు మీద ‘కామ్ చాయ్’ అని ఉంటే అది శాకాహార భోజనం దొరికే చోటు.

మధ్యాహ్నం అలాంటి ఓ చిన్న హోటల్‌కే వెళ్లాం. అన్నం, టోఫు, ఓ ఆకుకూర వేపుడు. అమ్మ కాడ పట్టుకుని చూసి, ‘‘ఒరేయ్, ఇది మన తూటికూర రా!’’ అంది. రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మీరు వెళితే ‘నో మీట్’తో సరిపెట్టకండి. ‘ఆన్ చాయ్’ అని రాసుకున్న కాగితం చూపించండి. సూప్ దేంతో కాచారో, చేపల సాస్ (అక్కడి మాటలో నువోక్ మామ్) వేశారో లేదో విడిగా అడగండి. ముఖ్యంగా, పక్కన అమ్మ ‘వాసన వస్తోంది’ అంటే... చెంచా కింద పెట్టేయండి.