మేడ మీద రాక్ బ్యాండ్

మాకు కారే లేదు, ఇక గ్యారేజ్ ఎక్కడిది? టెన్త్‌లో మా బ్యాండ్ పుట్టింది మేడ మీద, వాటర్ ట్యాంక్ పక్కన. ఒక సెకండ్ హ్యాండ్ గిటార్. డ్రమ్స్ బదులు రెండు పెయింట్ డబ్బాలు. వచ్చినవి జి, సి, డి... మూడే కార్డ్స్. ఏ పాటైనా వాటిలోనే ఇరికించేవాళ్లం.

ఇంగ్లిష్ రాక్ తప్ప వినమని బయట బిల్డప్. ఇయర్‌ఫోన్స్‌లో మాత్రం నాకు రహస్యంగా 'ఆరెంజ్' పాటలు! 2010లో ఆ సినిమా ఆడలేదు కానీ, హ్యారిస్ జయరాజ్ పాటలు నిలబడ్డాయి.

ఇంటర్ రాగానే నలుగురం నాలుగు హాస్టళ్లకు చెదిరిపోయాం. బ్యాండ్ ఖతం.

2023లో 'ఆరెంజ్' రీ-రిలీజైతే, మా డ్రమ్మర్‌ని లాక్కెళ్లా. థియేటరంతా గొంతు కలిపింది. పక్క సీట్లో వాడు ఒక్క లైనూ వదల్లేదు. దొంగ! వాడూ దాచాడన్నమాట. చేతులతో సీటు మీద దరువు కూడా వేశాడు.

టైమింగ్ ఇప్పటికీ తప్పే. ఆదివారం మళ్లీ ప్రాక్టీస్.