గల్లాపెట్టె దగ్గర

సౌదీ అరేబియాలో క్యాసినోలు లేవు. జూదాన్ని ఇక్కడి మతమూ ఒప్పదు, చట్టమూ ఒప్పదు. అందుకే హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోను చేసినప్పుడల్లా "మీకక్కడ పొద్దెలా పోతుంది బావా?" అని తెగ జాలిపడిపోతాడు. వాడు ఏడాదికోసారి గోవా వెళ్ళి, మాండవి నదిలో నిలబెట్టిన ఓడ మీద ఒక రాత్రి కూర్చుని, పట్టుకెళ్ళినదంతా అక్కడే వదిలేసి వచ్చే రకం. చిప్స్ ఇచ్చే క్యాషియరు నోట్లు ఎంత వేగంగా లెక్కపెడతాడో, పైన కెమెరాలు వాడి చేతుల్ని ఎలా కాపలా కాస్తాయో వర్ణించి చెబుతాడు. వాడు చెబుతుంటే నాకు మాత్రం రియాద్‌లో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్టూ, అందులో ఏడో కౌంటరూ గుర్తొస్తాయి.

కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, ఊళ్ళు తిరిగి తిరిగి చివరికి పాలడబ్బా మీది గీతలు చదివే యంత్రం దగ్గర తేలినవాణ్ణి నేను. దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా పని. అందుకే ఎక్కడికెళ్ళినా నా చూపు ముందు క్యాషియరు మీదే పడుతుంది. 2016లో ఒక సాయంత్రం కౌంటరు దగ్గర మా ఆవిడతో ఫోనులో మాట్లాడుతుంటే, "తెలుగోళ్ళా సార్?" అని వినబడింది. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. మూడు నెలలు తిరిగేసరికి "సార్" పోయి "అన్నా" వచ్చింది.

పొద్దున 500 రియాళ్ళ చిల్లర లెక్కపెట్టి, సంతకం చేసి తీసుకుంటాడు. పన్నెండు గంటల పని. యూనిఫాం ప్యాంటుకు జేబుల్లేవు. నెత్తిన కెమెరా. రాత్రి గల్లాపెట్టె లెక్క కంప్యూటరు లెక్కతో సరిపోవాలి. తగ్గితే "షార్ట్", జీతంలో కోత.

"మరి ఎక్కువొస్తే?" అని అడిగాను.

"ఎక్కువొస్తే కంపెనీది. తక్కువొస్తే మనది అన్నా."

అతని జీతం నెలకు 1500 రియాళ్ళు. యాభై రియాళ్ళు తగ్గిందంటే ఆ రోజు ఊరికే పనిచేసినట్టు.

2018 జనవరి 1న ఇక్కడ మొదటిసారి వ్యాట్ వచ్చింది, 5 శాతం. అంతవరకూ హలాలా నాణేలు లేకపోతే చూయింగ్ గమ్ చేతిలో పెట్టి పంపడం మామూలు. పన్ను వచ్చాక హలాలాల లెక్క గట్టిగా అడిగేవాళ్ళు పెరిగారు. 2020 జూలై 1న అదే పన్ను ఒక్కసారిగా 15 శాతమైంది. ముందురోజు మాస్కులు కట్టుకుని జనం ట్రాలీలు నింపుకున్నారు. నాకు ఆ మార్పు ఒక పట్టికలో ఒక అంకె. మర్నాడు పొద్దున "నిన్న ఇంత లేదే?" అన్న ప్రతివాళ్ళకూ జవాబు చెప్పుకోవలసింది అతను.

నమాజు వేళల్లో దుకాణాలు మూసే పద్ధతి ఉన్నన్నాళ్ళూ అతనికి కాస్త ఊపిరి. "షట్టర్ పడితేనే కాళ్ళకు జర సల్లగుండె" అనేవాడు. 2021 జూలై నుంచి ఆ వేళల్లోనూ తెరిచి ఉంచవచ్చన్నారు. కొనేవాళ్ళకు సుఖం, అతనికి ఆ కూర్చోవడమూ పోయింది.

గదిలో ఆరుగురు, ఇనప మంచాలు, వంతులవారీ వంట. శుక్రవారం బట్టలుతుక్కుని బత్తాకి వెళతాడు. అక్కడ డబ్బు పంపే కౌంటరు ముందు పొడుగాటి క్యూ. వారమంతా కౌంటరుకు ఇవతల నుంచున్నవాడు ఆ పూట అవతలి వరసలో నిలబడతాడు. 1986 నుంచి డాలరుకు 3.75 రియాళ్ళు, అది కదలదు. కాబట్టి రూపాయి పడిందంటే టీవీలో ఆందోళన, బత్తా క్యూలో పండగ. ఇంకో పదిపైసలు పెరుగుతుందేమోనని జీతం దాచుకుని ఆగేవాళ్ళూ ఉంటారు. జూదం లేని దేశంలో మనవాళ్ళాడే జూదం అదొక్కటే అనుకునేవాణ్ణి, అతని అప్పు సంగతి తెలిసేదాకా.

వీసా కోసం ఏజెంటుకు లక్షా యాభై వేలు కట్టాడు. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. నెలకు 4500 రూపాయలు. మొదట్లో రియాలుకు పద్దెనిమిది రూపాయల చొప్పున చూస్తే, జీతంలో ఆరో వంతు వడ్డీకే. రేటు కోసం ఆగే వీలు అతనికెక్కడిది?

2021లో పెద్ద సూపర్ మార్కెట్లలో క్యాషియరు ఉద్యోగాలు సౌదీ పౌరులకే అన్న నిర్ణయం వచ్చింది. ఏడో కౌంటరులోకి ఇరవై రెండేళ్ళ సౌదీ అమ్మాయి వచ్చింది. మూడు రోజులు పక్కన నుంచుని పని నేర్పింది ఇతనే. దొంగనోటు వేలికి ఎలా తెలుస్తుందో కూడా చెప్పాడట. బాధగా లేదా అంటే, "ఆమెకూ ఇల్లున్నది గదన్నా. ఆమె దేశం, ఆమె కొలువు" అన్నాడు. అతన్ని గోదాములోకి మార్చారు. 2022లో లెక్క చూసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

వెళ్ళేముందు మా ఇంటికి భోజనానికొచ్చాడు. "అప్పు తీరింది. చెల్లె పెండ్లి చేసిన. నేనొచ్చేటప్పుడు బిడ్డకు ఆర్నెల్లు, ఇప్పుడు బడికి పోతాంది" అన్నాడు. ఆ ఆరేళ్ళలో రెండుసార్లు సెలవు మీద వెళ్ళి చూసొచ్చాడు. మిగతాదంతా ఫోను తెర మీదే. మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ మాటమార్చింది.

మొన్న మళ్ళీ ఫోను చేశాడు. కువైట్ వీసా ఉందట, ఏజెంటు లక్షా ఎనభై అడుగుతున్నాడట. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలూ, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదనీ, ఆ పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ముందు చూడమనీ చెప్పాను.

"ఆ రేటుకు వీసా ఎవడిస్తడన్నా?" అన్నాడు.

ఏజెంటు పేరు పంపమన్నాను, నేనే వెతికి చూస్తానని. ఇంకా పంపలేదు.