హవానా వీధుల్లో తాతలనాటి కార్లు

క్యూబా అంటే చుట్టలు, పంచదార అని చిన్నప్పుడు చదువుకున్నాం. 2019లో మావారితో కలిసి దాని రాజధాని హవానా వెళ్ళినప్పుడు మాత్రం నా కళ్ళు ముందు కార్ల మీద పడ్డాయి. సెంట్రల్ పార్కు పక్కన గులాబీరంగు షెవర్లే, నీలం బ్యూక్, ఎర్ర ఫోర్డ్ వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నీ 1950ల నాటి అమెరికా కార్లే!

"సినిమా షూటింగేమో!" అన్నాను. కాదట. టూరిస్టులని తిప్పే టాక్సీలట.

అక్కడ 1959లో విప్లవం వచ్చింది. 1960లో అమెరికా సరుకులు పంపడం దాదాపు ఆపేసింది. 1962లో వ్యాపారం పూర్తిగా నిలిచిపోయింది. దాంతో అమెరికా నుంచి కొత్త కార్లూ లేవు, స్పేర్ పార్టులూ లేవు. పైగా 2011 వరకు జనం స్వేచ్ఛగా కొని, అమ్ముకోడానికి వీలున్నవి విప్లవానికి ముందు వచ్చిన కార్లే. మరి వాటిని ఎవరు తుక్కుకి వేస్తారు చెప్పండి?

మర్నాడు ఊళ్ళోవాళ్ళు ఎక్కే షేరు టాక్సీ ఎక్కాం. దాన్ని 'అల్మెండ్రోన్' అంటారు. అంటే పెద్ద బాదంకాయ. ఆకారం అలాగే ఉంటుంది మరి. మన షేర్ ఆటోల్లాగే ఒకే రూటులో తిరుగుతాయి. మేం ఎక్కింది రంగు వెలిసిన ప్లిమత్. పక్కన కూర్చున్న అమ్మాయికి ఇంగ్లీషు రావడంతో డ్రైవరుతో కబుర్లు సాగాయి. కారు అతని తాతగారిదట. ఇంజను మాత్రం రష్యా వోల్గా కారుది. సీటు కవర్లు భార్య కుట్టింది. సముద్రపు గట్టు 'మలెకోన్' మీద కెరటాలు రోడ్డు మీదకే చిందుతాయి. ఆ ఉప్పుగాలికి రేకు తుప్పు పడితే, పట్టినంత మేర కోసి అతుకు వేస్తాడట. మన పాతచీరల బొంత గుర్తొచ్చింది నాకు.

"దీని మీద ఆరుగురం తింటున్నాం" అన్నాడు.

దిగాక మావారు అలవాటుగా తలుపు ధనామని వేశారు. పాపం, అతను తల పట్టుకున్నాడు! ఆ గడియ ఏ షాపులోనూ దొరకదట. విరిగితే చేత్తో చేసుకోవాల్సిందే. మావారు చేతులు జోడించారు. అతను నవ్వేశాడు.

2024 మార్చిలో అక్కడ మామూలు పెట్రోలు లీటరు 25 పెసోల నుంచి ఒక్కసారే 132 పెసోలు చేశారని చదివినప్పుడు నాకు ఆ ఆరుగురే కళ్ళముందు మెదిలారు. పార్టు దొరక్కపోతే చేసుకున్నాడు, రేకు పోతే అతికాడు. పెట్రోలు ఇంట్లో చేసుకునేది కాదు కదా! ఆ ప్లిమత్ ఇంకా తిరుగుతోందో, గుమ్మం ముందే ఆగిపోయిందో?

మావారు మాత్రం అప్పట్నుంచీ ఏ కారెక్కినా తలుపు మెల్లగానే వేస్తున్నారు.