ఆగస్టు 31న ఏం చేద్దాం?

పోస్టు కొంచెం పెద్దది. టైం ఉన్నప్పుడు చదవండి.

నేను కర్నూలులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివినోన్ని. మాది ఎరుకల కులం, ఊరు కడప జిల్లా. ఇంట్లో మా అవ్వ ఇప్పటికీ ఈత బరికెలతో గంపలు అల్లుతాది. హాస్టల్లో ఉన్న మూడేళ్లూ జయంతుల పని నా మీదే పడేది. ఫ్లెక్సీ కొట్టించడం, పూలదండ తేవడం, మైకు సెట్టు మాట్లాడటం అన్నీ నేనే. ఫిబ్రవరి 15 సేవాలాల్ మహరాజ్ జయంతి. జూలై 4 అల్లూరి జయంతి. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. నవంబర్ 15 బిర్సా ముండా జయంతి. ఈ తేదీలు నాకు నిద్రలో లేపి అడిగినా చెప్తా.

ఒకసారి సేవాలాల్ జయంతి అయిపోయినాక ఫ్లెక్సీ విప్పుతున్నాం. ఒక సుగాలి తమ్ముడు అడిగినాడు: "అన్నా, మాకు ఫిబ్రవరి 15 ఉంది. సేవాలాల్ మన పక్కన గుత్తి దగ్గరే పుట్టినాడని మా పెద్దోళ్లు చెప్తారు. మరి మీ ఎరుకలోళ్లకు ఏ దినం ఉందన్నా?"

వాడు ఎగతాళికి అడగలేదు. కానీ నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటే ఆగస్టు 31 దొరికింది.

తెలియనోళ్ల కోసం చెప్తా. 1871లో బ్రిటీషోళ్లు నేరస్థ తెగల చట్టం అని ఒకటి చేసినారు. మొదట ఉత్తరాది వైపు పెట్టి, 1911లో మన మద్రాసు రాజధానికి కూడా తెచ్చినారు. కర్నూలు, కడప అప్పుడు మద్రాసు కిందనే ఉండేవి. ఎవరైనా నేరం చేస్తే శిక్ష వేయడం వేరే సంగతి. ఈ చట్టంలో ఫలానా కులంలో పుడితే చాలు, రిజిస్టర్‌లో పేరు ఎక్కించొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, హాజరు పెట్టొచ్చు, ఊరు కదలనీయకుండా చేయొచ్చు. కొందరిని సెటిల్‌మెంట్లలో పెట్టినారు. స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు. మన ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో కూడా అట్లాంటి సెటిల్‌మెంటు ఉండేదని మనలో ఎంతమందికి తెలుసు? ఈ చట్టం కింద మా ఎరుకలోళ్లే కాదు, మీ సుగాలోళ్లు కూడా ఉన్నారు తమ్ముడూ.

స్వాతంత్ర్యం వచ్చినాక 1949లో కేంద్రం ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద మన సీమ మనిషే, తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. చట్టం ఎత్తేయమని కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. దేశానికి 1947 ఆగస్టు 15న స్వేచ్ఛ వస్తే, ఈ రిజిస్టర్లలో ఉన్నోళ్లకు అయిదేళ్ల పదహారు రోజులు ఆలస్యంగా వచ్చింది. అందుకే చాలా రాష్ట్రాల్లో సంచార జాతులోళ్లు ఆగస్టు 31ని విముక్త దినం అని చేసుకుంటారు.

మాకూ ఒక దినం దొరికిందని సంబరంగా ఊరికి పోయినా. అవ్వను కూర్చోబెట్టి మొదట ఆమె సంగతే అడిగినా.

"అవ్వా, నువ్వు ఎప్పుడు పుట్టినావు?"

"నాకేం తెలుసు నాయనా. కొర్రలు కోసేటప్పుడు పుట్టినానని మా అమ్మ చెప్పేది."

ఆధార్‌లో మాత్రం జనవరి 1 అని ఉంది. మా వీధిలో ముసలోళ్లు సగం మంది జనవరి 1నే పుట్టినారు! అవ్వకు నెలలు, తేదీలు పట్టవు. ఆమెకు "కర్నూలు మునిగిన ఏడు" అంటే 2009. "మీ నాయన పెండ్లి ఏడు", "బోరు ఎండిన ఏడు", అట్ల లెక్క.

తర్వాత వాళ్ల నాయన సంగతి అడిగినా. అవ్వ అల్లేది ఆపింది. "రాత్రయితే చావిడి కాడికి పోవాల. మునసబు పేరు పిలిస్తే పలకాల. పక్కూరికి గంపలు అమ్ముకునేదానికి పోవాలన్నా చీటీ కావాల. జరం వచ్చి పడిపోయినా మా అమ్మ భుజం పట్టి తోడుకోని పోయేదంట."

ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. మా అవ్వ పుట్టిన దినం ఎవరూ రాసి పెట్టలేదు. వాళ్ల నాయన చావిడి కాడ నిలబడిన రాత్రులు మాత్రం ఒక్కటి తప్పకుండా రాసినారు.

మరుసటి రోజు మా చిన్నతాతకు చెప్పినా, హాస్టల్లో ఆగస్టు 31న మీటింగ్ పెడతామని, ఊర్లో కూడా పెడదామని. ఆయన ఒప్పుకోలేదు.

"ఊరుకోప్పా. ఆ మాట పోగొట్టుకునేదానికే నేను పుట్టిన ఊరు ఇడిసి ఈడికి వచ్చినా. నా పిల్లోళ్లను బడిలో ఎవరూ ఆ మాట అనగూడదని ఎండల్లో కూలికి పోయినా. ఇప్పుడు నువ్వు మైకు పెట్టి ఊరందరికీ మళ్లా చెప్తావా?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే తొమ్మిదో తరగతిలో క్లాసులో ఒకరి వాచీ పోతే మొదట వెతికింది నా సంచే. వాచీ వేరే చోట దొరికింది. నాకు ఎవరూ సారీ చెప్పలేదు. ఆ సంగతి నేను ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు. అంటే నేను కూడా చిన్నతాత చేసిందే చేసినా, దాచిపెట్టినా.

ఇంకొక చిక్కు కూడా ఉంది. చదివేకొద్దీ తెలిసింది, మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని 1947లోనే ఎత్తేసింది. అంటే కర్నూలు, కడప వాళ్లకు లెక్క ప్రకారం అయిదేళ్లు ముందే పోయింది. మళ్లీ 1948లో అదే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో ఇంకొకటి వచ్చింది. కులం పేరు తీసేసినారు, అనుమానం మాత్రం పోలేదు. ఊర్లో కోడి పోయినా మొదట మన ఇంటికే వచ్చేవాళ్లని అవ్వ చెప్తాది. ఆమెకు ఆగస్టు 31 గురించి చెప్తే ఒకటే మాట అనింది: "ఆ దినం మాకు ఎవరూ వచ్చి చెప్పలేదు కదప్పా."

అయితే ఈ దినం చేసుకోవాలా, వద్దా? కొన్నాళ్లు వదిలేసినా. మళ్లీ ఆలోచించేలా చేసింది అమెరికా వాళ్ల కథ ఒకటి. మనం అల్లూరికి దండ వేసే జూలై 4నే వాళ్లు స్వాతంత్ర్య దినం చేసుకుంటారు. 1776 నుంచి లెక్కేస్తే 2026కు 250 ఏళ్లు. ఆ ఉత్సవాల గురించి చదువుతుంటే అక్కడి ఆదివాసీల సంగతి తగిలింది.

1620లో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చినోళ్లు ప్లిమత్ అనే చోట దిగినారు. 1970లో దానికి 350 ఏళ్లని పెద్ద ఉత్సవం పెట్టినారు. ఆ నేల మొదటి నుంచి వాంపనోగ్ తెగది. ఆ తెగ మనిషి వామ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను మాట్లాడమని పిలిచినారు. ఆయన తన వాళ్ల నేల ఎట్ల పోయిందో, సమాధులు ఎట్ల దోచినారో రాసుకున్నాడు. పెట్టినోళ్లు ఉపన్యాసం ముందుగానే చూసి, ఇది వద్దు, వేరేది చదవమన్నారు. ఆయన చదవను పొమ్మన్నాడు. ఆ ఏడు నవంబర్‌లో, దేశమంతా థాంక్స్‌గివింగ్ పండగ చేసుకునే రోజున, ప్లిమత్‌లోనే ఒక గుట్ట మీద తన వాళ్లతో నిలబడినాడు. దానికి జాతీయ సంతాప దినం అని పేరు పెట్టుకున్నారు. ఇప్పటికీ ప్రతి ఏడూ అదే రోజు అక్కడే చేరతారు.

ఇది చదివినాక చిన్నతాత భయం నాకు బాగా అర్థమైంది. ఆయనకు ఆ మాట ఎప్పుడూ వేరే వాళ్ల నోట్లోనే వినపడింది. మునసబు నోట్లో, పోలీసు నోట్లో, బడి పిల్లోళ్ల నోట్లో. మన నోటితో, మన కథగా చెప్పుకోవడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. మనం దాచినంత కాలం అది వాళ్ల నోట్లోనే ఉంటాది.

2027 ఆగస్టు 31కి దేశమంతా రద్దయి 75 ఏళ్లు. గ్రూపులో అందరికీ నేను అడిగేది ఇది. దండలు, ఫ్లెక్సీలు, నాయకుల ఫోటోలు ఈ దినానికి వద్దు. ఇప్పటి నుంచే ఒక్కొక్కరం ఇంట్లో ఒక పెద్ద మనిషి దగ్గర కూర్చుందాం. హాజరు, చీటీ, చావిడి, వలస, ఏ సంగతి గుర్తుంటే అది, వాళ్ల మాటల్లోనే రాద్దాం. తేదీ తెలియకపోతే "కొర్రలు కోసేటప్పుడు" అనే రాద్దాం. వాళ్లు వద్దంటే పేరు పెట్టొద్దు, ఫోటో తీయొద్దు. ఆ దినం ఎవరి ఇష్టంతో వాళ్లు చదువుదాం. సుగాలి, యానాది, చెంచు తమ్ముళ్లు కూడా మీ ఇండ్లల్లో అడగండి. ఎన్ని పేజీలు అవుతాయో చూద్దాం. ఇన్నాళ్లూ మన మీద రిజిస్టర్ వాళ్లు రాసినారు. ఇది మనం రాసుకునేది.

చిన్నతాతకు కూడా ఇట్లనే చెప్పినా. రెండు రోజులు మాట్లాడలేదు. నేను కర్నూలు బస్సెక్కే దినం స్టాండు దాకా వచ్చి, బస్సు కదిలే ముందు కిటికీ కాడ నిలబడి అన్నాడు: "మా నాయన పేరు రాసుకో. మీటింగుకు మాత్రం నేను రాను."

రాసుకున్నా. ఆ పేరు ఇక్కడ పెట్టట్లేదు. ఆయన సరే అన్న రోజు పెడతా.

జై భీమ్. జై ఆదివాసీ.