సహంలో ఊరిన కంద

మస్కట్ నుంచి సోహార్ వెళ్లే దారిలో, సోహార్‌కి కాస్త ముందు వస్తుంది మా సహం. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు దూరంగా హజర్ కొండలు, మధ్యలో ఖర్జూరం, నిమ్మ తోటలు. చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. కానీ ఈ బాతినా తీరమంతా ఏళ్ల తరబడి బావుల్లో నీళ్లు తోడేయడంతో సముద్రపు నీరు భూమిలోకి చొచ్చుకొచ్చింది. ఖర్జూరం ఆ ఉప్పుని ఓర్చుకుంటుంది. నా కంద ఓర్చుకోలేదు. మొదటి ఏడాది నేలలో నాటి బావి నీళ్లు పోస్తే, గొడుగులా విచ్చుకున్న ఆకు అంచులు మాడి జూన్ కల్లా పడిపోయింది.

మరుసటి ఫిబ్రవరిలో మలయాళీ దుకాణంలో 'చేన' అని అడిగి (కంద అంటే వాళ్లకి తెలియదు), కన్ను ఉన్న ముక్క కోయించుకున్నాను. కుంభ మాసంలో నాటితే కుండంత ఊరుతుందని వాళ్ల సామెతట. ఈసారి అడుగున చిల్లులు పెట్టిన పాత డ్రమ్ము, పక్కింటి ఒమానీ అవ్వ ఇచ్చిన మేకల ఎరువు, గోడ నీడ. నీళ్లంటారా, ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టాను. ఆ నీళ్లలో ఉప్పుండదు కదా!

సెప్టెంబరులో అత్తయ్య వచ్చారు. మామయ్యగారు పోయి అప్పటికి నాలుగు నెలలు. మంచం, కిటికీ, అంతే ఆవిడ లోకం. ఏం వండినా రెండు ముద్దలు.

అక్టోబరు చివర్లో కంద ఆకు పసుపెక్కి వాలిపోయింది. మళ్లీ పోయిందనుకుని డ్రమ్ము ఒంపబోతుంటే వెనక నుంచి గొంతు.

"పారబోయకు అమ్మాయ్. అది చావలేదు, ఊరింది. నీళ్లు ఆపి పదిహేను రోజులు ఆగు."

వచ్చాక ఆవిడ అన్ని మాటలు కలిపి మాట్లాడడం అదే మొదలు. అత్తయ్యది కొవ్వూరు వైపు. దురద తక్కువుండే గజేంద్ర రకం కంద ఆ కొవ్వూరులో ఎంపిక చేసిందే. నేను పట్టణంలో పెరిగినదాన్ని, నాకేం తెలుసు?

పార వేస్తే తెగుతుందని ఇద్దరం చేతులతోనే తవ్వాం. కిలో ఏడు వందలు తూగింది!

ఆ రోజు వంటిల్లు ఆవిడదే. తడిచేత్తో కోస్తే దురద ఎక్కువని, చేతులకి నూనె రాసుకుని మందంగా చెక్కు తీశారు. కందలో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుంటాయి, దురద వాటి పనే. ముక్కల్ని పసుపు వేసి మెత్తగా ఉడికించి, డ్రమ్ము పక్కనే పాకిన బచ్చలి, చింతపండు పులుసు, అల్లం, పచ్చిమిర్చి కలిపి దగ్గరపడనిచ్చారు. తర్వాత మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు. ఆవముద్ద మాత్రం దింపి కాస్త చల్లారాకే, లేదంటే చేదు. చింతపండుకి పిసినారితనం చేయకండి, గొంతు పట్టేస్తుంది.

అత్తయ్య రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మా వారు ఏదో అనబోతే కళ్లతోనే ఆపాను.

సాయంత్రం చూస్తే, కందకి అంటుకుని ఉన్న రెండు పిల్ల దుంపల్ని పొడి ఇసుకలో దాస్తున్నారు. నన్ను చూసి అడిగారు.

"ఫిబ్రవరి దాకా నా వీసా ఉంటుందా?"